భయానకరసము: ఒక నూతన క్రీడ

విశాఖపట్నము, విజయనగరము ప్రాంతముల రైల్వే కుటుంబములలో గార్డెన్ రీచ్ అన్న పేరు వినని వారు అరుదు. 2003లో తూర్పు కోస్తా రైల్వే పూర్తిగా పనిలోనికి వచ్చువరకు వాల్తేరు డివిజను ఆగ్నేయ రైల్వేలో భాగముగా ఉండినది. ఆ రైల్వే ప్రధాన కార్యాలయము కలకత్తాలో హుగ్లీనది ఒడ్డున గార్డెన్ రీచ్‌లో ఉన్నది. బదిలీ అయినను, పదోన్నతి అయినను అక్కడినుండి రావలసినదే. ఆ గార్డెన్ రీచ్‌ను ఆనుకొని ఉన్న పేట మెటియాబ్రుజ్. మట్టి బురుజు అని దాని అర్థము. తెలుగువానికి తర్జుమా అక్కరలేని పేరు.

ఔధ్ నవాబు వాజిద్ అలీ షా 1856లో ఈస్టిండియా కంపెనీచే రాజ్యభ్రష్టుడై కలకత్తా చేరినాడు. కోటలో నిర్బంధమున గడపిన కాలము పోగా, 1887లో మరణించువరకు మెటియాబ్రుజ్‌లోనే నివసించినాడు. ఆయన సమాధి ఉన్న సిబ్తైనాబాద్ ఇమాంబాడాను చూడవలెనని నేను పోయినాను. చూచుటకు ఒక పూట చాలును. కాని ఆ పేటలో బాడుగ యింట ఉన్న మా మేనల్లుని వద్ద మూడు వారములు నిలిచిపోయినాను. అందుకు కారణము నవాబు కాదు. మేనల్లుని గదిలో టెలివిజనుకు తగిలించియున్న ఒక నల్లని పెట్టె.

ఇది చెప్పుకొనుటకు కొంత సిగ్గుగనే ఉన్నది. ఆటపాటలలో మునిగి రాజ్యము పోగొట్టుకొన్నారన్న అపవాదు ఔధ్‌ను ఇప్పటికిని వదలలేదు. ప్రేమ్‌చంద్ 1924లో ప్రకటించిన చదరంగపు కథలో ఇద్దరు జాగీర్దారులు తమ రాజు బందీయై పోవుచుండగా పాడుపడిన కట్టడములో కూర్చుండి పావులు కదుపుచునే యుందురు; తుదకు ఆట విషయమున తగవుపడి ఒకరినొకరు చంపుకొందురు. ఆ రాజు సమాధికి కూతవేటు దూరములో, అరువదియేండ్లు దాటినవాడను, రచయితనని చెప్పుకొనువాడను, రాత్రి రెండు గంటలవరకు వీడియో క్రీడ ఆడుచు కూర్చున్నాను. అయినను మన రచయితలు తెలిసికొనదగిన విషయమొకటి అందులో ఉన్నదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆట పేరు బ్లడ్‌బోర్న్. జపాను దేశపు ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థ నిర్మించినది. దర్శకుడు హిడెటాకా మియాజాకి. 2015 మార్చి నెలలో ప్లేస్టేషన్ 4 అను యంత్రము కొరకు వెలువడినది. తెరమీద యార్నమ్ అను కల్పిత నగరము కనబడును. పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండును తలపించు రాతి వీధులు, గుర్రపుబండ్లు, ఆకాశమును పొడుచు శిఖరములు, వీధులనిండ శవపేటికలు. ఆ నగరములో సమస్త రోగములను కుదుర్చు ఒక రక్తచికిత్స కలదు. చర్చి దానిని నడపుచున్నది. అయితే ఆ రక్తము ఎక్కించుకొన్నవారు క్రమముగా మృగములగుచున్నారు. వారిని చంపుటకు వేటగాండ్రు బయలుదేరుదురు. ఆడువాడు అట్టి వేటగాడు, పరదేశి. తానును ఆ రక్తము ఎక్కించుకొనియే కన్ను తెరచును. ఎంతకును తెల్లవారని ఒక్క రాత్రిలో కథయంతయు నడచును.

కన్ను తెరచిన గదినుండి నాలుగు మెట్లు దిగగానే తోడేలువంటి మృగమొకటి శవమును తినుచుండును. వేటగాని చేతిలో ఆయుధము లేదు. నేను పిడికిలి బిగించి గుద్దినాను. అది పంజా విసరినది. తెర నల్లబడి, నీవు మరణించితివన్న మాట ఎర్రని అక్షరములలో వచ్చినది.

"అందరూ అక్కడ చచ్చేవాళ్ళే మామయ్యా. చస్తేనే కత్తి ఇస్తారు" అన్నాడు మా వాడు.

నిజముగా అంతే. చచ్చినవాడు 'వేటగాని కల' అను ఒక చిన్న తోటలో మేలుకొనును. అక్కడ గోరీలు, ఒక పాత యిల్లు, ప్రాణము లేని ఒక పెద్ద బొమ్మ ఉండును. ఆయుధములు అక్కడ దొరకును. ఆ ఇంటిలో చక్రముల కుర్చీలో ఒక ముసలి వేటగాడు తరువాత కనబడును. మరణముతో కథ ముగియుట మనమెరుగుదుము. మరణముతో మొదలగుట ఇక్కడ చూచినాను.

చంపిన మృగములవలన లభించు 'రక్తపు ప్రతిధ్వనులు' ఈ ఆటలో ధనము. శక్తి కావలెనన్నను, ఆయుధము కావలెనన్నను వాటితోనే కొనవలెను. వేటగాడు చచ్చినచో అవి యన్నియు చచ్చిన చోటనే పడిపోవును. ఒక్కొక్కప్పుడు చంపిన మృగమే వాటిని పుచ్చుకొని, కన్నులు ఊదారంగున వెలుగుచుండగా తిరుగుచుండును. దీపస్తంభము వద్దనుండి మరల నడచి ఆ చోటు చేరినచో దక్కును. నడుమ ఇంకొకసారి చచ్చినచో శాశ్వతముగా పోవును. ఈ లోపల చచ్చిన మృగములన్నియు లేచి యథాస్థానములలో నిలిచియుండును. ఆటను నడుమ నిలుపుటకు మీట లేదు. తలుపు తట్టిన పాలవాని కొరకు లేచి వచ్చునప్పటికి మన వేటగాడు నేలబడియుండును.

ఈ నిర్మాణము మనకు క్రొత్తది కాదు. భేతాళకథలలో రాజు చెట్టునుండి శవమును దింపి భుజమున వేసికొని నడచును. నోరు విప్పగానే శవము మరల చెట్టెక్కును. రాజు మరల వెనుకకు పోవును. చందమామ చదివి పెరిగిన తెలుగువానికి ఆ నడక కాళ్ళలోనే ఉన్నది. భేదమొక్కటి. రాజును వెనుకకు పంపునది జ్ఞానము. జవాబు తెలిసియుండుటయే ఆయన శ్రమకు మూలము. యార్నమ్‌లో వెనుకకు పంపునది అజ్ఞానము. మలుపులో తుపాకివాడు ఎక్కడ నిలుచునో రెండవ చావులో తెలియును. కుక్కలు ఏ వైపునుండి దూకునో నాల్గవ చావులో తెలియును. పదియవమారు నడచునప్పటికి ఆ వీధి భయము పోయి పరిచయమైనది. మూడు వారములు గడచునప్పటికి నాకు మెటియాబ్రుజ్ సందులకంటె యార్నమ్ సందులే బాగుగా తెలిసినవి.

ఇంకొక నియమము కలదు. దీనిని గమనింపవలెను. దెబ్బ తిన్న క్షణమున వెనుదీయక, వెంటనే శత్రువును తిరిగి కొట్టినచో, పోయిన ప్రాణములో కొంత తిరిగి వచ్చును. వెనుకకు తగ్గి ఊపిరి తీసికొనువానికి ఆ లాభము లేదు. అనగా భీరువుగా ప్రవేశించినవానిని బ్రదుకు కొరకే క్రుద్ధునిగా చేయు ఉపాయము. మొదటి వారములో నేను గోడలకు అంటుకొని తిరిగినాను. రెండవ వారములో పండ్లు కొరుకుచు మీదబడుచుంటిని. మా మేనల్లుడు చూచి నవ్వినాడు. నాకు తరువాత నవ్వు రాలేదు.

ఈ ఆటను 'గాథిక్' భయానకమని విమర్శకులు వర్ణింతురు. ఆ మాటను గూర్చి కొంచెము చెప్పవలసి ఉన్నది. హోరేస్ వాల్పోల్ 1764లో ఒట్రాంటో దుర్గమును గూర్చిన నవల ప్రకటించి, మరుసటి ఏటి ముద్రణలో దానిని గాథిక్ కథ అని పేర్కొన్నాడు. నాటినుండి శిథిల దుర్గములు, వంశశాపములు, సొరంగములు ఆ జాతి కథలకు సామగ్రియైనవి. కలకత్తాకు గాథిక్ కమానులు కొత్త కావు. 1847లో ప్రతిష్ఠితమైన సెయింట్ పాల్ కెథీడ్రలు, 1872లో పూర్తియైన హైకోర్టు ఆ శైలివే. అయితే ఆ కమానును చూచినప్పుడు మనకు దయ్యముకంటె ముందు వాయిదా జ్ఞప్తికి వచ్చును. నా అభిప్రాయమున గాథిక్ కథకు కమాను ముఖ్యము కాదు. గతించిన ఒక వైభవపు కట్టడములలో బ్రదికియున్నవారు చిక్కుకొనుట ముఖ్యము. రవీంద్రుని 'క్షుధిత పాషాణ' కథకు ఒక్క గాథిక్ కమానైనను లేదు. అంతకంటె గాథిక్ కథ మన దేశములో అరుదు.

మెటియాబ్రుజ్ చరిత్రయు ఆ జాతిదే. నవాబు ఇక్కడ రెండవ లక్నోను కట్టదలచినాడు. మేడలు, తోటలు, జంతుశాల వెలసినవి. బాల్యమున ఇక్కడ నివసించిన అబ్దుల్ హలీం షరర్ ఆ వైభవమును వర్ణించినాడు. ఒక మేడ ముందర జారుడు గోడల చెరువు, చెరువు నడుమ కృత్రిమమైన గుట్ట, ఆ గుట్ట నిండ వేల పాములు, వాటికి ఆహారముగా వదలిన కప్పలు: ఇది ఏ భయానక కథకుని కల్పనయు కాదు, ఒక రాజు వినోదము. నవాబు పోయిన పిదప ఆ మేడలు అమ్ముడుపోయి చాలవరకు నేలమట్టమైనవి. నేడు ఆ నేలమీద కుట్టుమిషన్ల చప్పుడు వినబడును. దర్జీపనికి, తయారుబట్టల సంతకు ఈ పేట ప్రసిద్ధి. రాత్రి యార్నమ్‌లో చచ్చి, ఉదయమున టీ కొరకు బయటికి వచ్చినప్పుడు ఆ చప్పుడు నాకు ఎంతో ధైర్యముగా ఉండెడిది.

ఇక నేను చెప్పదలచిన విషయము. భరతుడు నాట్యశాస్త్రములో నాలుగు రసములను మూలములుగా చెప్పి, వాటినుండి తక్కిన నాలుగు పుట్టునన్నాడు. బీభత్సమునుండి భయానకము, రౌద్రమునుండి కరుణము. మొదటిది ఈ ఆటకు సహజముగనే అన్వయించును: రక్తము బీభత్సము, దానినుండి భయము. నక్కల కూతలు, గుడ్లగూబలు, పాడిండ్లు భయానకమునకు విభావములని చెప్పిన భరతునికి యార్నమ్‌లో క్రొత్తగా నేర్చుకొనవలసినది లేదు. రెండవదానిని నేను ఏండ్ల తరబడి బోధించియు సరిగా గ్రహింపలేదని గాస్కాయిన్ వద్ద తెలిసినది.

గాస్కాయిన్ చర్చికి సంబంధించిన వేటగాడు. కన్నులకు గుడ్డ కట్టుకొని, గొడ్డలి, తుపాకి ధరించి గోరీల తోటలో ఎదురగును. ఆటలో అనేకులు ఇక్కడ ఆశ వదలుకొందురు. నేను పదునెనిమిది మారులు చచ్చినాను. గోరీరాళ్ళ చాటున నిలిచితిని. అతడు రాళ్ళను పగులగొట్టినాడు. మెట్లెక్కితిని, వెంట వచ్చినాడు. అతని ప్రాణము తగ్గిన పిదప అతడే మృగముగా మారును. అప్పుడు ఆ వేగమునకు నా ముసలి వ్రేళ్ళు చాలలేదు.

అప్పుడు మా మేనల్లుడు, నేను త్రోసిపుచ్చి వచ్చిన ఒక కిటికీని జ్ఞప్తిచేసినాడు. నగరములో ఒక యింటి కిటికీ వెనుక చిన్న పిల్ల గొంతు వినబడును. తండ్రి వేటకు పోయినాడు, తల్లి అతనిని వెదకుచు పోయినది. తల్లి ఎర్రరాయి బ్రోచి పెట్టుకొనునని గుర్తు చెప్పి, ఆ పిల్ల ఒక చిన్న సంగీతపుపెట్టె ఇచ్చును. తండ్రి తమను మరచినప్పుడు ఆ పాట వినిపించెదరట. పెట్టె మూతలోపల రెండు పేర్లు: వయోలా, గాస్కాయిన్.

పోరులో ఆ పెట్టె మ్రోగించితిని. గొడ్డలి ఎత్తినవాడు తల పట్టుకొని తూలినాడు. ఆ తూలుటలో నేను నాలుగు దెబ్బలు వేసినాను. వ్యూహము ఫలించినది, పందొమ్మిదవ మారు గెలిచినాను. ప్రక్కనున్న చిన్న కప్పుమీద ఒక స్త్రీ శవము ఉన్నది. వెదకితే ఎర్రరాయి బ్రోచి దొరకినది.

నవలలో ఈ ఘట్టము చదివినచో పాఠకుడు జాలిపడి పుట త్రిప్పును. ఇక్కడ ఆ గొడ్డలివానిని చంపినది నేను. అతడు తన బిడ్డ పాట విని తూలిన క్షణమును అవకాశముగా లెక్కించినది నేను. నా క్రోధమే ఆ క్షణమువరకు నన్ను బ్రదికించినది. ఆ క్రోధమే ఇప్పుడు దుఃఖమునకు కారణమైనది. ఆశ్రయుడు, సామాజికుడు అని మనము రెండుగా విడదీసి చెప్పుకొను ఇద్దరును ఇక్కడ ఒక్కడే. పదునెనిమిది చావుల శ్రమ లేనిచో ఈ కరుణము పుట్టదనియు నాకు తోచినది. సులభముగా గెలిచినవానికి అది మరియొక మృగము మాత్రమే.

ఆ పిల్లకు మేలు చేయు దారిని రచయితలు కల్పింపలేదు. క్షేమమని చర్చికి దారి చెప్పినచో నడుమ మురుగుకాలువలో పందివాత పడును. కేశబంధము మాత్రము మిగులును.

కథ ఎక్కడను వరుసగా చెప్పబడదు. వస్తువుల వెనుక రెండు వాక్యములు, మూసిన తలుపుల వెనుక ఒక నవ్వు, చనిపోయినవారు నిలిచిన చోటు: ఇంతే. బాల్యమున మియాజాకి గ్రంథాలయమునుండి తెచ్చుకొన్న పుస్తకములలో తనకు అర్థముగాని భాగములను చిత్రములు చూచి ఊహతో పూరించుకొనెడివాడని ఒకచోట చెప్పినాడు. ఆ పద్ధతియే ఇక్కడ శిల్పమైనది. 'అంతర్దృష్టి' అను ఒక లెక్కయు కలదు. అది పెరిగినకొద్ది లోకము మారును. ప్రాణము లేని బొమ్మ మాటలాడును. చర్చిగోడను పట్టుకొని వ్రేలాడు మహాభూతము కనబడును. అది అంతవరకు లేకపోలేదు; మనకు కనబడలేదు. జ్ఞానము భయమును పోగొట్టునని మన పెద్దలు. జ్ఞానమే భయమని వీరు. ఈ విషయమున నేను మన పెద్దల పక్షమే, కాని ఆ గోడ క్రింద నడచునప్పుడు తల ఎత్తలేదు.

దోషములు లేకపోలేదు. గాయము మాన్పు రక్తపుసీసాలు ఇరువదికి మించి వెంట ఉంచుకొనరాదు. అవి అయిపోయినచో పాతవీధులలో అల్పమృగములను చంపి కూడబెట్టవలెను. పదునెనిమిది మారులు చచ్చినవానికి ఇది కూలిపని. ఉత్తరభాగములో దేవతాభూతములు ఎక్కువైనవి. బీభత్సము పొంగి భయానకమును ముంచినది. పాఠశాల, అడవి, చెరువు, ఎర్రచంద్రుడు దాటి చివరకు చేరితిని గాని, గాస్కాయిన్ తరువాత నా చేయి ఒక్కచోటనైనను అట్లు వణకలేదు.

తుదిని ముసలి వేటగాడు తోటలో నిలిచి అడుగును. తల వంచినచో కొడవలితో నరకును. వేటగాడు తెల్లవారిన యార్నమ్‌లో మేలుకొనును. ఒప్పుకొననిచో పోరు, గెలిచినవాడు ఆ చక్రముల కుర్చీలో అతని స్థానమున కూర్చుండవలెను. మూడవదియు కలదు, ఆడువారి కొరకు దానిని విడిచిపెట్టుచున్నాను. నేను తల వంచినాను. ఎర్రరాయి బ్రోచి చివరివరకు సంచిలోనే ఉండిపోయినది. ఆ పిల్లకు ఇయ్యలేదు. ఇచ్చినచో కిటికీ వెనుకనుండి ఏడ్పు వినబడునని మా వాడు ముందే చెప్పినాడు.

మరునాడు హౌరాలో రైలెక్కవలసి ఉండగా, నా పెట్టె సర్దుకొనుచుంటిని. మా మేనల్లుడు ఆటను మొదటినుండి ఆరంభించినాడు. కిటికీ వెనుక ఆ పిల్ల తల్లిని వెదకిపెట్టుమని మరల అడుగుచున్నది.