కంటి చుక్కలు వ్రాయు అధికారము ఎవరిది?

మాఘమాసము వచ్చినదనగానే గుంటూరు, ప్రకాశం ప్రాంతపు నల్లరేగడి పల్లెలలో మిరపకల్లములు ఎర్రగా పరచుకొనును. కాయలు కోయువారికి, తొడిమలు తీయు స్త్రీలకు, మిర్చియార్డు కూలీలకు కంటిలో ఘాటు పడుట నిత్యము జరుగునదే. పత్తిచేలలో పురుగుమందు తుంపర, ఎండుపుల్ల గీత వేరొక బాధ. కన్ను ఎర్రబడగానే పలువురు బజారులోని కళ్ళజోళ్ళ షాపునకు పోయి, అక్కడివారు చెప్పిన చుక్కలమందు కొని వేసికొనుచుందురు. ఆ మందు చెప్పు అధికారము వారికి కలదా? ప్రతి గృహస్థుడును తెలిసికొనదగిన విషయమిది.

చట్టము చెప్పునదేమి?

షాపులో కూర్చున్న ప్రతివారును ఆప్టోమెట్రిస్టులు కారు. ఆప్టోమెట్రీ నాలుగేండ్ల డిగ్రీ చదువు. చూపును కొలుచుట, అద్దముల నంబరు నిర్ణయించుట, శుక్లము, నీటికాసుల వంటి వ్యాధులను ముందుగా పసిగట్టి నేత్రవైద్యుని వద్దకు పంపుట వారి విద్య. పల్లెలకు ఈ సేవ మిక్కిలి విలువైనది.

మందు వ్రాయుట మాత్రము వేరు. 1945 నాటి ఔషధ నియమావళి ప్రకారము డెక్సామెథసోన్ వంటి స్టీరాయిడ్ కలిసిన కంటి చుక్కలు షెడ్యూల్ హెచ్ లోనివి. నమోదైన వైద్యుని చీటీ లేనిదే వాటిని అమ్మరాదు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టము ఆప్టోమెట్రిస్టులకు గుర్తింపునిచ్చి, చదువునకు ప్రమాణములు, రాష్ట్రములలో నమోదు పట్టికలు ఉండవలెనన్నది. ఇది మేలైన అడుగే గాని, ‘నమోదైన వైద్యుడు’ అను మాటకు పాత నియమావళి ఇచ్చిన అర్థమును ఆ చట్టము మార్చలేదు.

అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రము 1976లోను, బ్రిటన్ 2008లోను ఆప్టోమెట్రిస్టులకు మందులు వ్రాయు అధికారమిచ్చినవి. బ్రిటన్‌లో అదనపు శిక్షణ పొంది, పరీక్షలో నెగ్గి, ప్రత్యేకముగా నమోదైనవారికే ఆ హక్కు. ముందు శిక్షణ, పిదప అధికారము అనునదే అందలి క్రమము.

మన శాస్త్రము మాట

సుశ్రుతాచార్యులు ఉత్తరతంత్రమున 76 నేత్రరోగములను, ఆశ్చ్యోతనము అను చుక్కల చికిత్సను వివరించిరి. ఆయనయే సూత్రస్థానమున, శాస్త్రము చదివి, అర్థము గ్రహించి, చికిత్స కన్నులార చూచి, తాను చేసి, రాజు అనుమతి పొందిన పిదపనే వైద్యుడు వృత్తిలో ప్రవేశింపవలెనని విధించిరి. కనుక ప్రభుత్వ పర్యవేక్షణ మనకు క్రొత్త కాదు.

ఈ నియమము మా వైద్యులకును వర్తించును. ఒక పద్ధతి చదివినవారు మరొక పద్ధతి మందులిచ్చుట నిర్లక్ష్యమేనని సుప్రీంకోర్టు 1996లో పూనమ్ వర్మ కేసులో తీర్పు చెప్పినది. రాష్ట్ర ప్రభుత్వము అనుమతించిననే ఆయుర్వేద వైద్యులు అల్లోపతి మందులు వ్రాయవచ్చునని 1998లో మరొక తీర్పు వచ్చినది. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నం ఆనందయ్యగారి మందులకు అనుమతినిచ్చుచు, రాష్ట్ర ప్రభుత్వము కంటి చుక్కలను మాత్రము మినహాయించినది. కన్ను అంతటి సున్నితమైన అంగము.

ప్రమాదమెక్కడ?

పుల్ల గీచుకొన్న కంటిలో బూజుజాతి క్రిములు చేరి నల్లగ్రుడ్డుపై పుండు కలుగవచ్చును. స్టీరాయిడ్ చుక్క వేయగా ఎరుపు తగ్గినట్లు కనిపించును. లోపల పుండు ముదిరి పూవు మిగులును, చూపు పోవును. అవే చుక్కలు నెలల తరబడి వాడినచో కంటిలో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లము రావచ్చును.

గృహస్థులు పాటించవలసినవి

1. ఘాటుగాని, పురుగుమందుగాని పడినచో కన్ను నలపరాదు. శుభ్రమైన నీటిధారతో 15–20 నిమిషములు కడుగవలెను. పురుగుమందైనచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. డబ్బా చీటీని వెంట తీసికొనిపోవలెను.

2. చనుబాలు, ఆముదము, తేనె వేయరాదు. గాయపడిన కంటిలో ఇంట కాచిన త్రిఫలా కషాయమును సైతము పోయరాదు.

3. పుల్ల, గడ్డి గీచుకొన్నచో ఆనాడే నేత్రవైద్యుని చూడవలెను.

4. చుక్కలమందు కొనునపుడు వైద్యుని పేరు, రిజిస్ట్రేషన్ నంబరు గల చీటీ ఉండవలెను. ఇతరులు వాడగా మిగిలిన సీసా ముట్టరాదు.

ప్రభుత్వము ఆప్టోమెట్రిస్టుల నమోదు సంఖ్యను షాపులో అందరికీ కనిపించునట్లు ఉంచుట తప్పనిసరి చేయవలెను. మున్ముందు మందులు వ్రాయు హక్కు ఇవ్వదలచినచో, తగిన శిక్షణ తరువాత, కొద్ది మందులకే పరిమితము చేసి, స్టీరాయిడ్లను విడిచి ఇచ్చుట శ్రేయస్కరము. అంతవరకు కళ్ళజోడు వారి వద్ద, మందుచీటీ వైద్యుని వద్ద తీసికొనుటయే క్షేమము.