కుట్టుమిషనుపై చిత్రకళ

సికింద్రాబాదు జనరల్ బజారులో రవికెగుడ్డలమ్ము మ్యాచింగ్ సెంటర్ల ప్రక్కసందులలో నడచినచో, ఇరుకైన దుకాణములలో కూర్చుండి చీరలకు ఫాలు కుట్టుచు, పీకో చేయుచుండువారు కనబడుదురు. 1806లో నిజాము సికందర్ జా పేర వెలసిన ఈ దండు ఊరిని పాతవారు నేటికిని లష్కరనియే పిలుతురు. సిపాయిలున్నచోట దర్జీలు ఉండక తప్పదు గనుక కుట్టుపనితో లష్కరుకు పాత చుట్టరికమే కలదు. పీకో చేయు యంత్రమును జిగ్‌జాగ్ మిషను అందురు. సూది నిటారుగా దిగుటయే గాక కుడియెడమలకు ఊగుట దాని విశేషము. ఆ మిషనుతోనే బొమ్మలు రచించి, గోడలకెక్కించి, ఆ పనిమీదనే జీవించు కళాకారులు లోకమున కలరని చెప్పినచో కొందరికి వింతగా తోచవచ్చును. ఆ విద్య ఎట్టిదో, దానిని జీవికగా చేపట్టువారు వేనిని గమనింపవలెనో ముచ్చటింతుము.

మొదట పని తీరు. మామూలు కుట్టులో బట్టను నడుపునది మిషనే. సూది క్రింద రెండు వరుసల చిన్న పళ్ళుండును. అవి లేచి, బట్టను పట్టి, ఒక్క కుట్టంత దూరము జరిపి, మరల దిగును. పైనుండి పాదము బట్టను అదిమి పట్టును. ఎంబ్రాయిడరీకి ఈ రెండును అడ్డే. కాబట్టి పాదమును ఊడదీసి, పళ్ళను దించి, అవి దిగని మిషనైనచో వానిపై రేకు కప్పి, బట్టను రింగులో బిగించి రెండు చేతులతో పట్టుకొందురు. ఇక బట్ట ఎటు కదలిన కుట్టు అటే పడును. చిత్రకారుడు గీయునపుడు కాగితము నిలుచును, కుంచె నడచును. ఇచట సూది ఒక్కచోటనే నిలుచును, బట్ట నడచును. చిత్రలేఖనము వచ్చినవారు సైతము మొదటి దినములలో తడబడుట ఇందువలననే.

కుట్టు పొడవును నిర్ణయించునది చేయి. మిషను వడిగా తిరుగుచుండగా చేయి మెల్లగా కదలినచో కుట్లు చిన్నవై ఒత్తుగా పడును. చేయి తొందరపడినచో కుట్లు ఎడమగును, సూది వంగి విరుగుటయు కలదు. చేతి ఎంబ్రాయిడరీలో బట్ట రింగునకు పైవైపున ఉండును. మిషనుకు రింగును తలక్రిందులుచేసి, బట్ట మిషను బల్లకు ఆనునట్లు బిగింపవలెను. పాదము తీసివేసినను దాని మీటను దింపుట మరువరాదు. మీట దిగనిదే పైదారమునకు బిగువు రాదు, అడుగున దారమంతయు గూడు కట్టును. ఆపై పైదారపు బిగువును రవంత సడలించినచో అడుగుదారము పైకి తొంగిచూడదు. ఎంబ్రాయిడరీకై చేసిన కొన్ని జిగ్‌జాగ్ మిషనులకు మోకాలితో నొక్కు మీట ఉండును. నొక్కినకొలది సూది ఊపు మారును. ఆకు కొనవద్ద సన్నగా మొదలై, నడుమ విరిసి, తొడిమవద్ద మరల సన్నబడునది ఆ మోకాలి నేర్పువలననే.

జరీ విషయమున ఒక ఉపాయము కలదు. దళసరి జరీ సూదిబెజ్జములో దూరదు. దూరినను రాపిడికి పొట్టు లేచును. నేర్పరులు దానిని బాబినుకు చుట్టి, బాబిన్ కేసుకున్న చిన్న మరను వదులుచేసి, బట్టను బోర్లించి వెనుకనుండి కుట్టుదురు. కుట్టునంతసేపు తాము రచించు చిత్రము తమకే కానరాదు. తిప్పి చూచినపుడు గదా తెలియుట! ఇంగ్లండులో ఆలిస్ కెటిల్ అను ప్రసిద్ధ కళాకారిణియు ఇట్లే వెనుకనుండి కుట్టి, గోడలంత చిత్రములు రచించినారు. ఆమె మొదట చిత్రలేఖనము నేర్చి, పిదప దారమునకు మరలినవారు. 2018లో మాంచెస్టరులోని విట్‌వర్త్ చిత్రశాలలో, కాందిశీకుల చేతిపనిని కూడ కలుపుకొని ఆమె ప్రదర్శించిన కుట్టుచిత్రములు పలువురిని ఆకర్షించినవి.

అట్టి గౌరవము మన పీకో మిషనుకు ఏల రాలేదు? మాకు తోచిన కారణమొకటి కలదు. కుట్టుమిషను మన సంఘమున ఆదరువుగా ప్రవేశించినది. యంత్రములను శంకించిన గాంధీజీ 1924లో సింగర్ మిషనును మినహాయించి, అది ప్రేమనుండి పుట్టిన యంత్రమని మెచ్చుకొనిరి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1937లో మద్రాసున స్థాపించిన ఆంధ్ర మహిళా సభ వంటి సంస్థలు స్త్రీలకు చదువుతోపాటు చేతిపనులను నేర్పినవి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘమునకును ఆమెయే తొలి అధ్యక్షురాలు. ఇట్టి యత్నములవలన ఎన్ని కుటుంబములు నిలబడినవో చెప్పనలవి కాదు. కాని ఆసరాలేని స్త్రీకి మిషను ఇప్పించు వాడుకతో, మిషను వద్ద కూర్చున్న మనిషిని జాలితో చూచుట లోకమునకు అలవాటయినది. మగ్గం వర్కు చేయువానిని పనివాడని మెచ్చుకొందుము. మిషను వర్కనగానే ‘ఎంతకు తగ్గించెదవు?’ అని అడుగుదుము. కుట్టు చక్కగా ఉన్నదా లేదా అని చూచువారు తక్కువ.

నిజమునకు యంత్రపు ఎంబ్రాయిడరీ పుట్టుకనుండియు రెండు దారులలో నడచినది. 1828లో ఫ్రాన్సులోని మ్యూలూజ్ పట్టణమున జోసువే హైల్‌మన్ పలుసూదులు ఒక్కసారిగా కుట్టు యంత్రమును కనిపెట్టెను. 1863లో స్విట్జర్లాండువాడగు ఐజాక్ గ్రోబ్లీ షిఫ్లీ యంత్రమునకు రూపమిచ్చెను. ఇది కర్మాగారపు దారి. రెండవది చేతిదారి. 1865లో పారిసులో బొనాజ్ అనునతడు గొలుసుకుట్టు యంత్రమును రూపొందించెను. బల్లక్రింది పిడిని త్రిప్పినకొలది దాని కుట్టు దిక్కు మారును. ఇంగ్లండులో సింగర్ కంపెనీ ఎంబ్రాయిడరీ విభాగమున పనిచేసిన డోరతీ బెన్సన్, ఇంటి మిషనుతో ఎంత కళ సాధ్యమో చిత్రలేఖనోపాధ్యాయులకు నేర్పి చూపెను. మన దేశమున పటియాలాకు చెందిన అరుణ్ కుమార్ బజాజ్, దర్జీ కుమారుడు, కుట్టుమిషనుతోనే రూపచిత్రములు కుట్టి పేరు గడించినారు. అవి ఫొటోలా దారములా యని చూపరులు దగ్గరకు వచ్చి తేరిపార చూతురు.

ఇప్పుడు మొదటి దారి రెండవదానిని మ్రింగివేయునేమో యను భయము కలుగుచున్నది. జపానునుండి వచ్చిన తజిమా వంటి పలుతలల యంత్రములు, 1979లో సిడ్నీలో స్థాపితమైన విల్‌కమ్ వంటి సంస్థల సాఫ్టువేరు కలిసి ఈ పని స్వరూపమునే మార్చినవి. కంప్యూటరు మిషను నిమిషమునకు వేయి కుట్ల దాక వేయగలదు. పనికి కూలి వేయి కుట్లకింతయని లెక్కగట్టుదురు. ఒకే అంచు ఇరువది రవికెలకు కావలసినచో చేతిమిషను దానితో పోటీపడజాలదు. పడుటయు అనవసరమని మా అభిప్రాయము. మరల మరల రానిది, ఒక్కతూరియే పుట్టునది చేతిమిషను పాలు. పెండ్లికుమార్తె తాతగారింటి వేపచెట్టు, బోనమెత్తిన పెద్దమ్మ మొగము, మోండా మార్కెట్టు కూరగాయల రాశులు – వీనికి ఎవరి ఫైలు దొరకును? ఇంకొక మాట. కంప్యూటరుకు డిజైను సిద్ధపరచుటను పంచింగు అందురు. దారము ఏ దిక్కున పడినచో మెరయునో, ఎచట బట్ట ముడుచుకొనునో చేతితో ఎరిగినవారి పంచింగు తేటగా తెలిసిపోవును. కనుక చేతివిద్య నేర్చినవారికి ఆ తలుపును మూసిపోలేదు.

మిషను తిప్పుట నెలలలో వచ్చును. చూపు రావలెనన్న చిత్రలేఖనము కావలయును. హైదరాబాదున 1995లో వెలసిన నిఫ్ట్‌లో వస్త్ర రూపకల్పన చదువవచ్చును. అందరికి అది అందదు. నాంపల్లిలో ఎగ్జిబిషన్ సొసైటీవారి కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వంటివి స్త్రీలకు మరికొంత చేరువ. ఏ చదువు లేకున్నను దినమునకు ఒక అరచేతి గుడ్డముక్క కుట్టి, దారము నెంబరు, సూది నెంబరు, బిగువు ఎంతయో వ్రాసి పుస్తకమున అంటించుకొనువారు రెండేండ్లలో ఎంతో ముందునకు పోవుదురు. పెట్టుబడికి 2023లో ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున దర్జీవృత్తి కూడ చేరియున్నది. అందు పనిముట్లకు 15,000 రూపాయల సాయము, మొదట లక్ష, పిమ్మట రెండు లక్షల రూపాయల అప్పు నూటికి 5 వంతున లభించును.

తొలిదినములలో కూడు పెట్టునది పీకోయే, రవికెపనియే. దానిని చిన్నచూపు చూడరాదు. ముహూర్తములున్న నెలలలో తీరిక ఉండదు. మూఢము వచ్చినదా, రవికెల ఆర్డర్లు తగ్గిపోవును. పలువురు ఆ దినములను తిట్టుకొనుచు గడుపుదురు. సొంత చిత్రములు కుట్టుకొనుటకు అంతకు మించిన కాలము లేదు. మూఢములో కుట్టిన నాలుగైదు చిత్రములతో నుమాయిష్‌లో ఒక మూల దొరికిన చాలును. 1938నుండి నడచుచున్న ఆ ప్రదర్శనకు ఏటేటా జనవరి, ఫిబ్రవరి నెలలలో వచ్చు జనసందోహము మరెచటను దొరకదు.

ధర చెప్పుటలో పెక్కుమంది నష్టపోవుదురు. ఉదాహరణకు ఒక చిత్రమునకు 40 గంటలు పట్టినదనుకొందము. గంటకు 150 చొప్పున 6,000. బట్ట, దారములు 800. చట్రము, అద్దము 1,200. మొత్తము 8,000 రూపాయలు. చిత్రశాలవారు అమ్మకపు ధరలో మూడవవంతు పుచ్చుకొనుదురేని, 12,000 అడిగిననే మన 8,000 మనకు మిగులును. రవికెకు కుట్టుకూలి చెప్పినట్లు నోటికి వచ్చిన అంకె చెప్పినచో పై నాలుగువేలు మన చెమటనుండియే పోవును.

చట్టము సంగతియు తెలిసియుండవలెను. 1957 నాటి కాపీరైటు చట్టము చిత్రములనే గాక కళాకౌశలము గల ఇతర కృతులను సైతము కళాకృతులుగా గుర్తించినది. కాని ఒక చిక్కున్నది. డిజైనుల చట్టము క్రింద రిజిస్టరు చేయదగిన డిజైనును రిజిస్టరు చేయక, యజమానియో, అతని అనుమతితో ఇతరులో యంత్రపద్ధతిని 50కి మించి వస్తువులపై అచ్చుదించినచో, ఆ డిజైనుపై కాపీరైటు తొలగిపోవును. కాబట్టి ఏ వ్యాపారియైనను ‘మీ నెమలిని కంప్యూటరు మిషనుపై వేయింతుము’ అని వచ్చినపుడు తొందరపడి సరేయనరాదు. 2000 నాటి డిజైనుల చట్టము క్రింద ముందుగా రిజిస్టరు చేసికొన్నచో పది సంవత్సరములు, పొడిగించుకొన్నచో మరి ఐదు సంవత్సరములు రక్షణ కలదు. దరఖాస్తు పెట్టుటకు ముందు దానిని అందరికి చూపియుండరాదు. ఫోనులో నలుగురికి పంపుటయు అందులోనికే వచ్చును. చట్రములో వ్రేలాడు ఒంటికృతికి ఈ బాధ లేదు. దానికి మాత్రము అద్దము దారమును తాకకుండ అంచున సన్నని అట్ట పెట్టింపవలెను. ముందువైపు క్రిందిమూలన పేరును, సంవత్సరమును అదే మిషనుతో కుట్టవలెను.