కడిగిన పాట

ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’ తెలియని ఇల్లు మా పెనుగొండలో ఉంటుందనుకోను. ఒకప్పుడు పందిట్లో మైకుసెట్టు బిగించినవాడు ముందుగా ఆ పద్యాలే వేసేవాడు. కనుక ఆ పాత ప్లేటును బాగుచేసి మళ్ళీ విడుదల చేశామని ఎవరైనా అంటే, మంచిచెడ్డలు తేల్చే హక్కు మాకూ ఉన్నదనే మా ధీమా!

పద్యాలు కరుణశ్రీవి. 78 చుట్ల ప్లేటు ఒక్కో వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. పూలు మొరపెట్టుకుంటుంటే మధ్యలో లేచి ప్లేటు తిరగెయ్యాలి. ఇప్పుడు రెండు వైపులూ అతికించి ఇస్తున్నారు. సంతోషమే. తంటా అంతా గరగర తీసెయ్యడంలో వస్తుంది. ముల్లు చేసే గరగర ఎక్కువగా పై స్థాయిలో ఉంటుంది. స, ష వంటి అక్షరాల పదునూ అక్కడిదే. గట్టిగా తుడిస్తే రెండూ పోతాయి. ఈమధ్య నేను విన్న ఒక ముద్రణలో పద్యం చివరి ఆలాపన దూదిలో చుట్టినట్టు అణిగిపోయింది. పద్యానికీ పద్యానికీ నడుమ తీసే ఊపిరి మాయం! ఊపిరి తియ్యని మనిషి ఏడిస్తే నమ్మేదెలా?

వేగం సంగతి మరొకటి. 78కి బదులు 80 చుట్లు తిప్పితే శ్రుతి దాదాపు అర స్వరస్థానం పెరుగుతుంది. గొంతు కుర్రదైపోతుంది. హార్మోనియం పక్కన పెట్టుకు వినండి, శ్రుతి రెండు మెట్ల నడుమ పడితే అనుమానించవలసిందే.

ఈ తగవు మన ఒక్కరిదే కాదు. మాలర్ తొమ్మిదవ సింఫనీ అని, పెద్ద వాద్యబృందం గంటకు పైగా వాయించే కృతి ఒకటుంది. 1938 జనవరి 16న వియన్నాలో బ్రూనో వాల్టర్ నడిపిన ఆ కచేరీని 20 వైపుల మీదికి ఎక్కించారు. రెండు నెలలు తిరక్కుండానే హిట్లర్ సైన్యం ఆ దేశంలో దిగింది. యూదుడైన వాల్టర్‌కు ఆ ఊరు మూసుకుపోయింది. వాద్యకారుల్లోని యూదుల ఉద్యోగాలూ ఊడిపోయాయి. ఆ రికార్డులో శ్రోతల దగ్గులు వినిపిస్తాయి. గరగర లక్క సొత్తు, దాన్ని తగ్గిస్తే ఎవరూ కాదనరు. దగ్గులు మాత్రం ఆ రోజు అక్కడ కూర్చున్నవాళ్ళవి. వాటినీ తుడిచేస్తే నేను కొనను.

ఇక ‘పుష్పవిలాపం’ మాటకొస్తే, నా మట్టుకు నాకు గరగర ఉన్న పాత క్యాసెట్టే నయం. మా పిల్లలు కొత్తదే శుభ్రంగా ఉందంటారు. ఊపిరి పోయిన చోటు వాళ్ళకు రెండుసార్లు వేసి వినిపించాను. ప్రస్తుతానికి రెండూ ఇంట్లోనే ఉన్నాయి.