అర్థంకాని ప్రకటన: ఖరీదైన కారు, తికమకపడిన ప్రేక్షకుడు

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 కారు కనిపించని కారు ప్రకటన
7.3 అర్థం తట్టడానికి మూడు మెట్లు
7.4 అర్థం కాకపోవడం, ఒప్పుకోకపోవడం
7.5 కొనలేనివారి స్పందనకు విలువ ఏమిటి?
7.6 జాగ్వార్ ప్రకటన, 2024
7.7 సారాంశం
7.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ఒక ప్రకటన ప్రేక్షకులను ఎందుకు తికమకపెడుతుందో వివరించగలుగుతారు.
• అర్థం కాకపోవడానికీ, అర్థమై ఒప్పుకోకపోవడానికీ తేడా చెప్పగలుగుతారు.
• ప్రకటనకూ అమ్మకాలకూ ఉన్న సంబంధాన్ని తొందరపడకుండా పరిశీలించగలుగుతారు.

7.1 పరిచయం

నేను ఉండేది గుణదలలో. అక్కడి నుంచి ఆటోనగర్ ఎంతో దూరం లేదు. లారీలకు బాడీలు కట్టేవారు, ఇంజన్లు విప్పి బిగించేవారు, విడిభాగాలు అమ్మేవారు అక్కడ వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో కొందరు దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నారు. ఒక ఆదివారం సంపర్క తరగతిలో అమెరికా టెలివిజన్‌లో వచ్చిన ఒక పాత కారు ప్రకటన తీరును విద్యార్థులకు వివరించి, ఏమనిపించిందో చెప్పమన్నాను.

ఆటోనగర్ షెడ్డులో పనిచేసే విద్యార్థి ముందుగా లేచాడు. "బండి చూపించకుండా బేరమేంటి సార్? ఇంజను గురించి చెప్పడానికి ఏమీ లేకే ఈ చెట్లూ చేమలూ చూపించారు" అన్నాడు. ఒక గృహిణి, "వింటుంటే మనసుకి హాయిగానే ఉంది సార్. కానీ కారు సంగతి కూడా ఒక ముక్క చెప్పుంటే బాగుండేది" అన్నారు. బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి మాత్రం కాస్త సంకోచిస్తూ, "అవి మనలాంటివాళ్ల కోసం తీసినవి కాదులెండి. అందుకే నాకు అర్థం కాలేదు" అంది.

ఈ పాఠం ప్రధానంగా ఆ మూడో జవాబు గురించే. ఆ అమ్మాయి తప్పును తన మీద వేసుకుంది. అది న్యాయమేనా?

7.2 కారు కనిపించని కారు ప్రకటన

నేను వివరించిన ప్రకటన 1989 నాటిది. జపాన్‌కు చెందిన నిస్సాన్ సంస్థ 'ఇన్ఫినిటీ' అనే పేరుతో ఖరీదైన కార్లను ఆ ఏడాది అమెరికా విపణిలోకి తెచ్చింది. హిల్ హాలిడే అనే ప్రకటనల సంస్థ వాటికి టెలివిజన్ ప్రకటనలు తయారుచేసింది. తెర మీద చెట్లు, రాళ్లు, నీళ్లు కనిపిస్తాయి. వెనక నుంచి ఒక గొంతు ప్రకృతి గురించీ, విలాసానికి అసలు అర్థం గురించీ నెమ్మదిగా మాట్లాడుతుంది. కారు మాత్రం కనిపించదు. జనం వాటిని 'రాళ్లూ చెట్ల ప్రకటనలు' అని పిలవసాగారు. హాస్యగాళ్లకు అవి మంచి సరుకయ్యాయి.

అదే ఏడాది మరో జపాన్ సంస్థ టయోటా 'లెక్సస్' కార్లను అదే దేశంలో ప్రవేశపెట్టింది. దాని ప్రకటనలో కారు చక్రాలు రోలర్ల మీద గంటకు 145 మైళ్లతో, అంటే సుమారు 233 కిలోమీటర్లతో సమానమైన వేగంతో తిరుగుతుంటాయి. బానెట్ మీద గోపురంలా పేర్చిన షాంపేన్ గ్లాసుల్లో ఒక్కటీ కిందపడదు. ఇంజను ఎంత నిలకడగా నడుస్తుందో చెప్పడానికి వేరే మాట అక్కర్లేదు.

అమెరికాలో లెక్సస్ అమ్మకాలు ఇన్ఫినిటీని దాటిపోయాయి. ఇన్ఫినిటీ తరవాతి ప్రకటనల్లో కారును చూపించింది. అయితే రెండు కార్ల రూపురేఖలు, సౌకర్యాలు వేరువేరు. కాబట్టి ఈ ఫలితాన్ని ప్రకటన ఒక్కదానికే అంటగట్టకూడదు. మనం చెప్పగలిగింది ఇంతే: ఇన్ఫినిటీ పేరు జనం నోళ్లలో నానింది. కానీ పేరు నోట్లో నానడం వేరు, కొనాలన్న కోరిక కలగడం వేరు.

7.3 అర్థం తట్టడానికి మూడు మెట్లు

చెప్పవలసిన దాన్ని నేరుగా చెప్పకపోవడమే ఇన్ఫినిటీ ప్రకటన తప్పా? కాదు. నేరుగా చెప్పని మాటను ఎలా అర్థం చేసుకుంటామో మన ఆలంకారికులు 'లక్షణ' అనే పేరుతో చర్చించారు. కృష్ణకు వరద వచ్చినప్పుడు బెజవాడలో "ఊరంతా బ్యారేజీ మీదే ఉంది" అంటారు. ఈ మాట వినేవారి మనసులో మూడు పనులు జరుగుతాయి.

మొదటిది ముఖ్యార్థబాధ. ఊరు బ్యారేజీ మీదికి రావడం అసాధ్యం. కాబట్టి మాటకున్న నేరు అర్థం పొసగదు. రెండోది సంబంధం. ఊరికీ ఊరి జనానికీ ఉన్న సంబంధం మనకు తెలుసు. అందువల్ల 'ఊరు' అంటే ఇక్కడ జనమని గ్రహిస్తాం. మూడోది ప్రయోజనం. 'చాలామంది వచ్చారు' అనకుండా అలా ఎందుకన్నారు? జనం ఎంత కిక్కిరిసి ఉన్నారో కళ్లకు కట్టించడానికి.

ఇప్పుడు ప్రకటనల దగ్గరికి వద్దాం. 1980లలో మన దేశంలో ఒనిడా టీవీ ప్రకటనలో కొమ్ములూ తోకా ఉన్న దయ్యం కనిపించేది. టీవీ అమ్మడానికి దయ్యమెందుకు? ముఖ్యార్థబాధ. కానీ అది పొరుగువాడి అసూయకు రూపమని ప్రకటనే చెప్పేది. సంబంధం దొరికింది. పొరుగువాడు అసూయపడేంత మంచి టీవీ అన్న ప్రయోజనమూ నెరవేరింది. ఆశ్చర్యపడ్డ ప్రేక్షకుడు ఒడ్డుకు చేరాడు.

ఇన్ఫినిటీ ప్రకటనలో మొదటి మెట్టు ఉంది: కారు ప్రకటనలో కారు లేదు. రెండో మెట్టు దగ్గరే చిక్కు. రాళ్లకూ కారుకూ ఉన్న సంబంధం ఆ ప్రకటన తయారుచేసినవారి మనసులో స్పష్టంగానే ఉండి ఉండవచ్చు. ఇంటి దగ్గర కూర్చున్న చాలామంది ప్రేక్షకుల చేతికి అది అందలేదు. అందువల్ల మనం గుర్తుంచుకోవలసిన సూత్రం ఇది: తికమక దోషం కాదు, తికమక నుంచి బయటపడే దారి చూపకపోవడం దోషం.

7.4 అర్థం కాకపోవడం, ఒప్పుకోకపోవడం

బ్రిటన్‌లో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త స్టువర్ట్ హాల్ 1973లో టెలివిజన్ ప్రసారాల గురించి ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. పంపేవారు సందేశంలో పెట్టిన అర్థమూ, చూసేవారు తీసుకున్న అర్థమూ ఒకటే కానక్కర్లేదని ఆయన ప్రతిపాదన. ప్రేక్షకుడు మూడు స్థానాల నుంచి సందేశాన్ని చదవవచ్చు. పంపినవారి ఉద్దేశాన్ని ఉన్నదున్నట్టు స్వీకరించడం ఆధిపత్య పఠనం. కొంత ఒప్పుకుని, కొంత తన అనుభవంతో సవరించుకోవడం సర్దుబాటు పఠనం. ఉద్దేశం తెలిసి కూడా దాన్ని తిరస్కరించడం ప్రతిఘటన పఠనం.

మన తరగతిలో గృహిణిది సర్దుబాటు పఠనం. ఆమె ప్రశాంతతను స్వీకరించారు, కారు లేకపోవడాన్ని మాత్రం ఒప్పుకోలేదు. ఆటోనగర్ విద్యార్థిది ప్రతిఘటన పఠనం. అందమైన దృశ్యాలతో మనసు కరిగించాలన్న ఎత్తుగడ అతనికి బాగానే తెలిసింది. తన వృత్తి అనుభవంతో దాన్ని తోసిపుచ్చాడు.

మరి బట్టల దుకాణం అమ్మాయిది? పరీక్షల్లో చాలామంది దీన్ని కూడా ప్రతిఘటన అని రాస్తారు. అది పొరపాటు. తిరస్కరించాలంటే ముందు ఉద్దేశం తెలియాలి. ఆమెకు ఆ ఉద్దేశమే అందలేదు. ఇది హాల్ చెప్పిన మూడు స్థానాల్లో ఏదీ కాదు, సమాచారం మధ్యలో తెగిపోవడం. తెగిన చోటు ఆమె తెలివిలో లేదు, పైన చెప్పిన రెండో మెట్టు దగ్గర ఉంది.

7.5 కొనలేనివారి స్పందనకు విలువ ఏమిటి?

"అవి మనలాంటివాళ్ల కోసం కాదు" అన్న మాటలో సగం నిజముంది. అలాంటి కారు కొనగలిగేవారు కొద్దిమందే. అయితే ఆ కొద్దిమందికే చెప్పాలనుకుంటే ఉత్తరాలు రాస్తే సరిపోతుంది. లక్షలమంది చూసే టెలివిజన్‌లో ప్రకటన ఎందుకు?

ఖరీదైన వస్తువు ఇచ్చే గౌరవం దాన్ని గుర్తుపట్టే పదిమంది మీద ఆధారపడి ఉంటుంది. పెళ్లిలో వేసుకున్న కాసులపేరు విలువ చూసేవారికి తెలియకపోతే దాన్ని వేసుకున్నవారి సంబరం సగమవుతుంది. కారూ అంతే. ఏలూరు రోడ్డు మీద వెళ్తుంటే బస్టాపులో నిలబడినవారు తలతిప్పి చూడాలి. ఒనిడా ప్రకటనలో పొరుగువాడికి చోటు దక్కింది ఇందుకే. కాబట్టి కొనలేని ప్రేక్షకుడు దారినపోతూ తొంగిచూసినవాడు కాదు. ఆ ప్రకటనకు అవసరమైన సాక్షి. అతనికి అర్థం కాకపోతే కొన్నవారికి దక్కే గౌరవంలో కూడా కోత పడుతుంది.

7.6 జాగ్వార్ ప్రకటన, 2024

ఇలాంటి ఘటన ఇటీవల మళ్లీ జరిగింది. బ్రిటన్‌కు చెందిన జాగ్వార్‌ను 2008లో మన టాటా మోటార్స్ కొనుగోలు చేసింది. పూర్తిగా విద్యుత్ కార్లకు మారాలని నిర్ణయించుకున్న జాగ్వార్, 2024 నవంబరులో కొత్త గుర్తుతో పాటు సుమారు అరనిమిషం చిత్రాన్ని విడుదల చేసింది. ముదురు రంగుల దుస్తుల్లో మోడళ్లు, కొన్ని నినాదాలు, కారు మాత్రం లేదు. మీరు కార్లు అమ్ముతారా అని టెస్లా అధినేత ఎలాన్ మస్క్ బహిరంగంగా అడిగారు. కొందరు ఎగతాళి చేశారు, కొందరు కోప్పడ్డారు, కొందరు ధైర్యమైన ప్రయత్నమని మెచ్చుకున్నారు. డిసెంబరు మొదటి వారంలో మయామీలో సంస్థ తన నమూనా కారును చూపించింది.

దేన్నీ అనుకరించవద్దు అన్న అర్థం వచ్చే నినాదం ఆ చిత్రానికి కేంద్రం. జాగ్వార్ దేనికీ నకలు కాకూడదన్న సంస్థాపకుడు విలియం లయన్స్ భావన దానికి మూలం. ఈ సంబంధం సంస్థకు తెలుసు, పాత అభిమానుల్లో కొందరికి తెలుసు. చిత్రం మాత్రం ఆ సంగతి చెప్పలేదు. మళ్లీ రెండో మెట్టే!

ఇక్కడ ఒక జాగ్రత్త. 2025లో ఐరోపాలో జాగ్వార్ కొత్త కార్ల అమ్మకాలు బాగా పడిపోయినప్పుడు, ప్రకటనే ముంచిందని చాలామంది తీర్పు చెప్పారు. కానీ విద్యుత్ కార్లకు మారే క్రమంలో పాత మోడళ్ల తయారీని సంస్థ అప్పటికే ఆపుతూ వచ్చింది, కొత్తవి ఇంకా రాలేదు. దుకాణంలో సరుకే లేనప్పుడు అమ్మకాల లెక్క చూసి ప్రకటన బాగోగులు తేల్చలేం. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకే పడగొట్టిందనడం తొందరపాటు.

7.7 సారాంశం

నేరుగా చెప్పని ప్రకటన కూడా అర్థమవుతుంది, అయితే సంబంధం ప్రేక్షకుడి చేతికి అందాలి. అర్థం కాకపోవడమూ, అర్థమై తిరస్కరించడమూ ఒకటి కావు. ఖరీదైన వస్తువుల ప్రకటనకు కొనలేని ప్రేక్షకుడు కూడా అవసరమే. ప్రకటన తరవాత జరిగిన ప్రతిదీ ప్రకటన వల్లే జరిగిందని చెప్పలేం.

తరగతి ముగిశాక ఆ అమ్మాయిని, మీ దుకాణంలో చీర చూపించేటప్పుడు కొనేవారికి అర్థం కాకపోతే ఏం చేస్తావని అడిగాను. "ఇంకోలా మడత విప్పి చూపిస్తాను సార్" అంది. ప్రకటన రాసేవారు ఆ అమ్మాయి దగ్గర నేర్చుకోవలసిన పాఠం అదే.

7.8 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. పది వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. లక్షణకు అవసరమైన మూడు అంశాలను మీ ఊరి వాడుకలోని ఒక మాటతో వివరించండి.
2. ఇన్ఫినిటీ, లెక్సస్ తొలి ప్రకటనలను పోల్చండి.

II. ముప్ఫై వాక్యాల్లో సమాధానాలు రాయండి.
1. స్టువర్ట్ హాల్ చెప్పిన మూడు పఠనాలను వివరించి, అర్థం కాకపోవడం వాటిలో ఎందుకు చేరదో చర్చించండి.
2. మిమ్మల్ని తికమకపెట్టిన ఒక టెలివిజన్ ప్రకటనను ఇంట్లో ముగ్గురికి చూపించి, వారి స్పందనలను ఈ పాఠం ఆధారంగా విశ్లేషించండి.