అమ్మ నాటిన కరివేపాకు పాలిపోతే...

మూడేళ్ల కిందట మా అమ్మ ఆరు నెలలు ఉండటానికి డాలస్ వచ్చినప్పుడు పెరట్లో నల్లమట్టి చూసి తెగ సంబరపడింది. ‘ఒరేయ్, ఇది మన గుంటూరు రేగడేరా!’ అంటూ తనే తవ్వి కుండీ నింపి, తెలిసినవాళ్లిచ్చిన కరివేపాకు పిలక నాటింది. ఆమె అన్నది నిజమే. శాస్త్రవేత్తలు ఈ రెండు నేలలనూ వర్టిసాల్ అనే ఒకే వర్గంలో చేరుస్తారు.

నిరుడు వేసవిలో లేతాకులు పసుపు రంగుకు తిరిగాయి. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ మొదట అడిగేది ఆ చెట్టు గురించే. ఫోను అటు తిప్పకుండా ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ని.

ముదురాకులు బాగుండి, లేతాకులు మాత్రం ఈనెలు తప్ప మిగతాదంతా పాలిపోతే అది చాలావరకు ఇనుము లోపం. విచిత్రమేమిటంటే, మట్టిలో ఇనుముకు కొదవ లేదు. మొక్కకే అందడం లేదు. వేరు నీళ్లతోపాటు అన్నీ పీల్చేసుకుంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదట. వేరు పైచర్మంలోని కణాల గోడలకు రుణావేశం ఉంటుంది. కాల్షియం, మెగ్నీషియం, ఇనుము లాంటి ధనావేశ అయాన్లు వాటిని అంటిపెట్టుకుంటాయి. గోడ లోపలి పలచని పొర హైడ్రోజన్ అయాన్లను బయటికి నెడుతుంది. ఆ పులుపుకు ఇనుము కరుగుతుంది. అప్పుడు కూడా మూడు ఆవేశాలున్న ఇనుమును రెండు ఆవేశాల రూపానికి మార్చాకే పొరలోని ప్రత్యేక ద్వారం లోపలికి రానిస్తుంది. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల మాటల్లో, ఫార్మాట్ మారిస్తే తప్ప ఏపీఐ ఒప్పుకోదు!

ఇక్కడి నల్లమట్టిలో సున్నం ఎక్కువ. కుళాయి నీళ్లదీ క్షారగుణమే. వేరు వదిలిన ఆమ్లం అక్కడికక్కడే విరిగిపోతుంది. అమ్మ చెప్పే పుల్లమజ్జిగ వైద్యంలో అర్థముంది గానీ, అంత సున్నం ముందు గ్లాసుడు మజ్జిగ ఏపాటి? తుప్పు మేకులు గుచ్చాను, దండగ. ఐరన్ సల్ఫేట్ వేస్తే కొన్నాళ్లకే మళ్లీ కరగని రూపంలోకి మారిపోయింది. చివరికి పనిచేసింది ఈడీడీహెచ్‌ఏ అనే చీలేట్. అది ఇనుమును పట్టుకుని సున్నపు మట్టిలోనూ కరిగే స్థితిలో ఉంచుతుంది. కొనేటప్పుడు డబ్బా మీద ఈ పేరే చూసుకోండి. ఈడీటీఏ రకం చవకే గానీ, పీహెచ్ సుమారు 6.5 దాటితే దాని పట్టు సడలిపోతుంది.

కొత్త చిగుళ్లు పచ్చగా వచ్చాక, ఈ వసంతంలో కుండీ మట్టి మొత్తం తీసేసి పీట్ కలిపిన మిశ్రమం నింపాను.

మొన్న ఆదివారం ధైర్యంగా ఫోను కుండీ వైపు తిప్పాను. ‘చూశావా, మన రేగడి మహిమ!’ అంది అమ్మ. మట్టి మార్చిన సంగతి ఇంకా చెప్పలేదు.