పాత పరికరాలు: తూకానికి అమ్మేసే ముందు

రాసినది: 9వ తరగతి విద్యార్థిని



మన తాండాలకు, ఊర్లకు పాత సామాన్లాయన వస్తాడు కదా. ఇనుముకు ఒక ధర, ఇత్తడికి ఒక ధర, సీసాలకు ఒక ధర. ఆయనకు ఇత్తడి చెంబయినా ఒకటే, ఇత్తడి దూరదర్శిని అయినా ఒకటే. త్రాసులో పడితే కిలోల లెక్కే. కానీ లోకంలో కొందరు మనుషులు, కొన్ని మ్యూజియాలు పాత సైన్సు పరికరాలను, డాక్టర్లు వాడిన పాత పరికరాలను వెతికి వెతికి సేకరిస్తారు. పాత థర్మామీటరు పోయి దాని డబ్బా మిగిలినా అది కూడా దాచుతారంట.

"పాడైపోయింది, కొత్తది వచ్చేసింది, ఇంక ఎందుకు దాచేది?" అని మా రూములో అక్కావాళ్ళు అడిగినారు. మంచి ప్రశ్నే. నాకు తెలిసినంత వరకు జవాబు రాస్తున్నాను. దీనికి యాడికో పోనక్కరలేదు, మన జిల్లా మీదుగా పోయిన ఒక యంత్రం కథ ఉంది.

1799లో శ్రీరంగపట్నం దగ్గర టిప్పు సుల్తానుతో ఇంగ్లీషువాళ్ళ యుద్ధం జరిగింది. ఆ సైన్యంలో విలియం లాంబ్టన్ అనే అధికారి ఉన్నాడు. ఒక రాత్రి సైన్యం తప్పు దారిలో పోతూంటే ఆయన నక్షత్రాలు చూసి, ఇది దారి కాదు అని చెప్పినాడు. ఆ యుద్ధాల్లో సైన్యాలకు ఎద్దుల మీద ధాన్యం మోసినవాళ్ళలో బంజారాలు ఉన్నారు. బంజారాలంటే మా సుగాలీల పెద్దలే. లాంబ్టన్ పేరు పుస్తకాల్లో ఉంది. ఎద్దుల వెంట నడిచినవాళ్ళ పేర్లు లేవు. ఈ సంగతి ఊరికే మధ్యలో చెప్పినాను, కథలోకి పోదాం.

యుద్ధం అయినాక లాంబ్టన్ దేశాన్ని కొలుస్తానన్నాడు. అంత పెద్ద దేశాన్ని గొలుసు ఈడ్చుకుంటూ కొలవాలంటే అయ్యే పనేనా? మధ్యలో కొండలు, ఏర్లు, అడవులు. అందుకని త్రిభుజాలతో కొలిచినారు. మీరు నోట్సులో 6 సెంటీమీటర్ల గీత గీయండి. ఒక కొనలో 60 డిగ్రీలు, ఇంకో కొనలో 50 డిగ్రీలు పెట్టి గీతలు పొడిగించండి. రెండూ ఒకే చోట కలుస్తాయి. ఇంకొక చోట కలవనే కలవవు. అంటే ఒక్క భుజం కొలిచి, రెండు కోణాలు చూస్తే చాలు, తక్కిన రెండు భుజాలు లెక్కతోనే వస్తాయి. ఆ భుజాల మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి. అట్లా కొండ నుంచి కొండకు పోవచ్చు. ఏటిలో దిగకుండానే ఏరు దాటినట్లు.

మొదటి భుజం మాత్రం నేల మీద చానా జాగ్రత్తగా కొలవాలి. అది తప్పితే అన్నీ తప్పు. 1802 ఏప్రిల్ 10న మద్రాసులో ఆ పని మొదలుపెట్టినారు. ఏడున్నర మైళ్ళు. 100 అడుగుల ఉక్కు గొలుసుతో 57 రోజులు పట్టింది. ఆ గొలుసుకు కూడా ఒక కథ ఉంది. 1793లో ఇంగ్లీషువాళ్ళు చైనా చక్రవర్తికి చూపించడానికి తీసుకుపోయిన పరికరాల్లో అదొకటి. ఆయన వద్దన్నాడు. తిరిగి కలకత్తాకు వచ్చి, ఆ తర్వాత లాంబ్టన్ చేతికి చేరింది. ఒకరు వద్దన్న వస్తువు ఇంకొకరికి ఎంత పనికి వచ్చిందో చూడండి.

కోణాలు కొలిచే యంత్రం పేరు థియోడలైట్. మన జామెట్రీ పెట్టెలోని కోణమానినికి ఒక దూరదర్శిని బిగించినారు అనుకోండి. లాంబ్టన్‌ది లండనులో కేరీ అనే ఆయన తయారు చేసినాడు. దాని చక్రం 36 అంగుళాలు, అంటే ఒక గజం వెడల్పు. బరువు అర టన్ను. మన హాస్టలు బియ్యం మూటలు (50 కిలోలవి) పది ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో అంత. ఓడలో వచ్చేటప్పుడు ఫ్రెంచివాళ్ళు పట్టుకొని, తర్వాత వదిలిపెట్టినారు. దాన్ని కొండల మీదికి, గుడి గోపురాల మీదికి ఎక్కించింది కూలీలు, ఖలాసీలు. లాంబ్టన్ ఒక్కడే ఎక్కించినాడా?

1808లో తంజావూరులో గుడి మీదికి లాగేటప్పుడు తాడు జారి యంత్రం గోడకు కొట్టుకుంది. చక్రం వంకర పోయింది. వేరే వాళ్ళయితే పాత ఇత్తడి అని పక్కన పెట్టేసేవాళ్ళేమో. లాంబ్టన్ గుడారంలో కూచొని, పలక మీద సరైన కొలతకు వృత్తం గీసుకొని, మేకులు, మరలు, కప్పీలతో వంకర పోయిన చక్రాన్ని కొంచెం కొంచెంగా లాగి ఆ వృత్తానికి సరిపెట్టినాడు. ఆరు వారాలు పట్టిందంట. యంత్రం మళ్ళీ పనికి వచ్చింది.

ఇంక మన సంగతి. ఆయన 1804లో బెంగళూరు దగ్గర ఒక భుజం కొలిచినాడు. 1811లో మన గుత్తి దగ్గర ఒకటి కొలిచినాడు. మ్యాపులో బెంగళూరు నుంచి గుత్తికి స్కేలు పెట్టి గీత గీయండి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆ గీత పక్కనే వరుసగా వస్తాయి. నేను మా క్లాసు అట్లాసులో గీసి చూసినాను. 78 డిగ్రీల తూర్పు రేఖాంశం పక్కగా కన్యాకుమారి నుంచి హిమాలయాల దాకా పోయిన ఆ త్రిభుజాల వరుస ఇట్లానే పోయింది. మన ఆమడగూరు కూడా దాదాపు 78 మీదనే ఉంది.

లాంబ్టన్ 1823లో చనిపోయినాక ఎవరెస్టు అనే ఆయన పని సాగించినాడు. ఆయన దగ్గర పరికరాలు బాగుచేసిన ఒకాయన పేరు సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్. ఆర్కాటు మనిషి. ముందు మద్రాసులో నగల కొట్టులో పనిచేసినాడు. పెద్ద ఇంజనీరింగ్ చదువు ఏమీ లేదు. చేతి పని చూసి ఎవరెస్టే ఆయన్ని పైకి తెచ్చినాడు. లండను నుంచి వచ్చిన పనివాడు వెళ్ళిపోయినాక, 1840లలో ఆయన స్థానం ఈయనకే వచ్చింది. నాకు లాంబ్టన్ కన్నా ఈయన కథే ఎక్కువ నచ్చింది. లాంబ్టన్ పెద్ద యంత్రం ఇప్పుడు డెహ్రాడూన్‌లో సర్వే ఆఫ్ ఇండియావాళ్ళ దగ్గర ఉంది. అది కరిగిపోయి ఉంటే దాని మీద ఎవరి చేతులు పడినాయో అడిగేవాళ్ళే ఉండరు.

అంత పెద్దది మన ఊర్లలో దొరకదు. దొరికేది సర్వే గొలుసు. దీన్ని 1620లో ఇంగ్లండులో గంటర్ అనే ఆయన కనిపెట్టినాడు. పొడవు 66 అడుగులు, లింకులు 100. ఇంత వింత కొలత ఎందుకంటే, ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న నేల సరిగ్గా 10 సెంట్లు. అట్లాంటివి పది అయితే ఒక ఎకరా. మనవాళ్ళు ఈరోజుకు కూడా సెంట్లలో భూమి చెప్తారు కదా, ఆ లెక్క గొలుసుకు సరిగ్గా సరిపోతుంది. గుర్తుపట్టడం సులువు: రెండు కొనలకు ఇత్తడి పిడి, పదేసి లింకులకు ఒక ఇత్తడి బిళ్ళ. బిళ్ళకు ఒక పన్ను ఉంటే పది, రెండు ఉంటే ఇరవై. నట్టనడుమ యాభై దగ్గర గుండ్రటి బిళ్ళ.

మా తాండా పక్క ఊర్లో ఒక పాత ఇంట్లో ఈ గొలుసు ఉండేది. కరణాల ఉద్యోగాలు 1984లో తీసేసినారు, అంతకుముందు కాలం నాటి గొలుసు అది. మా దాదా చిన్నప్పుడు వాళ్ళ నాయన భూమి కొలిచిన రోజు దాని ఒక కొన పట్టుకొని ముళ్ళలో నడిచినాడంట. కాగితంలో 2 ఎకరాల 40 సెంట్లు రాసినారు. తర్వాత టేపు పెట్టి చూస్తే కొంచెం తక్కువ వచ్చింది. ఆ "కొంచెం" గురించి మా ఇంట్లో ఇప్పటికీ మాటలు నడుస్తాయి.

దీన్ని లెక్క చేసి చూద్దాం. గొలుసు వాడేకొద్దీ మారుతుంది. రింగులు అరిగితే గొలుసు సాగుతుంది. లింకులు వంగితే పొట్టి అవుతుంది. 66 అడుగుల గొలుసు ఒక్క అడుగు పొట్టి అయి 65 ఉందనుకోండి. కొలిచేవాళ్ళు మాత్రం 66 అనే రాస్తారు. పొడవులో ఒక తప్పు, వెడల్పులో ఇంకో తప్పు. 65×65 ను 66×66 తో భాగిస్తే దగ్గర దగ్గర 0.97 వస్తుంది. అంటే 240 సెంట్లు అని రాసిన చోట నిజంగా ఉండేది సుమారు 233 సెంట్లే. 7 సెంట్లు కాగితంలో ఉంటాయి, నేల మీద ఉండవు! మన తాండాలో 7 సెంట్లంటే రెండు ఇండ్లు కట్టుకోవచ్చు.

మాది గొలుసు తప్పా, మనుషుల తప్పా? గొలుసు ఉండి ఉంటే పక్కన టేపు పరిచి పది నిమిషాల్లో చూసేవాళ్ళం. ఆ పాత ఇల్లు పడగొట్టినప్పుడు దాన్ని తూకానికి ఇచ్చేసినారు. దాదాకు తెలిసిన రోజు ఆయన అన్నం సరిగా తినలేదు. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, రోవర్లు వాడినారు. అవి కొత్త కొలత ఇస్తాయి. పాత కాగితంలో పాత అంకె ఎట్లా వచ్చిందో అవి చెప్పలేవు. అక్కా, నీ ప్రశ్నకు జవాబు ఇదే.

వైద్యం పరికరాల గురించి కూడా ఒకటి చెప్తాను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసినాడు. ఏజెన్సీలో మలేరియాను మన్యం జ్వరం అనేవాళ్ళు, మనవాళ్ళను చానామందిని తీసుకుపోయిన జ్వరం. ఆయన సూక్ష్మదర్శిని మరలు చెమటకు తుప్పు పట్టినాయి, కంటి దగ్గరి అద్దం పగిలి ఉంది. ఆ పగిలిన దాంట్లోనే చూసి కనిపెట్టినాడు, 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలు కుట్టింది హుస్సేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చినారు. ఆ బేగంపేట భవనం సర్ రొనాల్డ్ రాస్ పేరుతో ఇప్పటికీ ఉంది. హైదరాబాదులోనే 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో పెద్ద దూరదర్శిని తెప్పించి నిజామియా అబ్జర్వేటరీ పెట్టినాడు. డబ్బున్నోళ్ళు అట్లా చేస్తారు. మనం డబ్బు లేకుండా చేసేది వేరే ఉంది.

ముందు చేయకూడనివి చెప్తాను. మనం ఇత్తడి కనిపిస్తే చింతపండు, బూడిద పెట్టి తోమేస్తాం. పాత పరికరాన్ని అట్లా తోమవద్దు. చానావాటికి పైన సన్నటి లక్క పూత ఉంటుంది, కొలత గీతలు, చేసినవాళ్ళ పేరు వెంట్రుక మాదిరి సన్నగా చెక్కి ఉంటాయి. తోమితే మెరుస్తుంది, గీతలు పోతాయి. మెత్తటి పొడి గుడ్డ చాలు. చెక్కపెట్టె, తాళంచెవి, లోపల కాగితం ముక్క ఏది ఉన్నా పారేయవద్దు. వస్తువుతోనే ఉంచాలి.

రెండోది, పాదరసం. పాత థర్మామీటర్లలో, పాత బీపీ మిషన్లలో ఉంటుంది. వెండి పూసల మాదిరి ఉరుకుతుంది, ఆడుకోవాలనిపిస్తుంది. ఆడుకోవద్దు! దాని ఆవిరి కంటికి కనబడదు, పీలిస్తే నరాలకు, మూత్రపిండాలకు చెడుపు చేస్తుంది. కారితే చీపురుతో ఊడ్చవద్దు, ఇంకా చిన్న పూసలై పరుచుకుంటుంది. కిటికీలు తీసి, బయటికి వచ్చి, మేడంకు చెప్పాలి. పాత ఆసుపత్రి సూదులు, కత్తులు కూడా ముట్టుకోవద్దు.

చట్టం కూడా ఉంది. 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇట్లాంటి వస్తువు పురావస్తువు కావచ్చు. దాన్ని ఎవరుబడితే వాళ్ళు విదేశాలకు పంపకూడదు.

మన సైన్సు రూము బీరువాలో గాజు పెట్టెలో ఒక త్రాసు ఉంది కదా, దానికి మేడం నా చేత ఒక చీటీ రాయించినారు: ఏమి వస్తువు, మీద ఏ పేరు ఉంది, ఎప్పుడు వచ్చింది, ఎవరు వాడినారు, ఏమి తగ్గింది. (20 గ్రాముల రాయి తగ్గింది. ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చి పెట్టండి, ఏమీ అనరు.) నాలుగో ప్రశ్నకే జవాబు కష్టం. వస్తువు మీద లండను కంపెనీ పేరు ఉంటుంది గానీ మోసినవాళ్ళ పేరు ఉండదు. అది ముసలివాళ్ళను అడిగితేనే వస్తుంది.

అందుకని దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ దాదాను, అవ్వను, తాతను అడగండి. గొలుసు, త్రాసు, పాత తూనిక రాళ్ళు, మంత్రసాని పెట్టె, ఏదైనా సరే. వస్తువు తేవద్దు, అది వాళ్ళది. వాళ్ళు చెప్పింది కాగితం మీద రాసుకొని రండి, బొమ్మ వేయగలిగితే వేయండి. సుగాలీలో చెప్పినా, ఎరుకల మాటలో చెప్పినా అట్లే తెలుగు అక్షరాల్లో రాయండి. కాగితాలు లైబ్రరీ పెట్టెలో వేయండి. వచ్చినవి చూసి తర్వాతి గోడపత్రికలో ఎక్కిస్తాం.