పెరిగిన అడవిలో తగ్గిన గ్రౌస్: అపోహలు – వాస్తవాలు

నెమలి, అడవికోడి, కౌజుపిట్టలు చేరిన కుక్కుట వర్గంలో శీతల ప్రాంతాలకు అలవాటుపడిన శాఖను గ్రౌస్ అంటారు. అందులో మెడ చుట్టూ ముదురు రంగు ఈకల పట్టెడ ఉండే రఫ్డ్ గ్రౌస్ అమెరికా ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో ఒకప్పుడు విరివిగా కనిపించేది. 1931 నుంచి పెన్సిల్వేనియా రాష్ట్ర పక్షి కూడా ఇదే. ఉత్తరాన మెయిన్‌లో దీని పరిస్థితి ఇప్పటికీ మెరుగే అయినా, దక్షిణపు రాష్ట్రాల్లో సంఖ్య ఎంతగా పడిపోయిందంటే న్యూజెర్సీ 2019లో దీని వేటనే నిలిపివేసింది. ఈ క్షీణతకు జనం చెప్పుకొనే కారణాలు ఎక్కువగా కంటికి కనిపించే దోషుల చుట్టూ తిరుగుతాయి.

అపోహ: చెట్లు నరకడం వల్ల, అడవి తరిగిపోవడం వల్ల గ్రౌస్ తగ్గింది.

వాస్తవం దీనికి దాదాపు విరుద్ధం. పందొమ్మిదో శతాబ్ది మధ్యనాటికి వెర్మాంట్‌లో అధిక భాగం గొర్రెలు మేసే బీడుగా మారగా, ఆ తర్వాత రైతులు పొలాలు వదిలి వెళ్లిన కొద్దీ అడవి తిరిగి అల్లుకొని, నేడు ఆ రాష్ట్రంలో నాలుగింట మూడు వంతులు చెట్ల కిందే ఉంది. గ్రౌస్‌కు కావలసింది విస్తీర్ణం ఒక్కటే కాదు, అడవి వయసు కూడా. నరికివేత, కార్చిచ్చు, గాలివాన లేదా సాగు మానేసిన తర్వాత మొలిచి, సుమారు ఐదు నుంచి ఇరవై ఏళ్ల వయసున్న చెట్ల గుబురును లేత అడవి అంటారు. అక్కడ సన్నని కాండాలు ఎంత దట్టంగా ఉంటాయంటే పైనుంచి దూకే డేగకు రెక్క చాచే సందు దొరకదు, నేలపైన మాత్రం గుడ్డు నుంచి వెలువడిన మరునాటికే తల్లి వెంట నడిచే పిల్లలకు కావలసిన పురుగులు సమృద్ధిగా దొరుకుతాయి. అదే అడవి ముదిరి, కొమ్మలు పైన కలిసిపోయాక వెలుగు నేలను చేరదు, పొదలు నశిస్తాయి, చాటు పోతుంది. ఇరవయ్యో శతాబ్దిలో కార్చిచ్చులను అదుపు చేయడంతోను, చిన్న కమతాల యజమానులు కలప నరకడం తగ్గించడంతోను చెట్లన్నీ ఒకేసారి ముదిరాయి. చూసేవారికి అది నిండైన అడవి. గ్రౌస్‌కు మాత్రం దాక్కునే చోటు లేని ఇల్లు.

అలాగని ముదురు చెట్లు అక్కరలేదని కాదు. చలికాలంలో ఎదిగిన ఆస్పెన్ చెట్ల మొగ్గలే దీనికి ముఖ్యాహారం. వసంతంలో మగపక్షి ఆడపక్షిని పిలవడానికి ఎక్కి నిలబడేది కూలిన మాను మీదే. దాని రెక్కల దరువు దూరంలో ఇంజను అంటుకుంటున్నట్టు మెల్లగా మొదలై జోరందుకుంటుంది. పక్షి మానును కొట్టడం వల్ల ఆ శబ్దం వస్తుందని చాలాకాలం నమ్మారు గాని, నిజానికి రెక్కలు గాలిని కొట్టడంతోనే అది పుడుతుంది. లేత, ముదురు చెట్లు పక్కపక్కనే ఉండే కలగలుపు అడవి దీనికి అవసరం, కరవైనది అందులో లేత భాగం.

అపోహ: వేటగాళ్లు, డేగలు, నక్కలు, టర్కీకోళ్లే ఈ పక్షిని మట్టుబెట్టాయి.

వేటాడే జంతువులూ పక్షులూ గ్రౌస్‌ను తింటాయన్నది నిజమే, ఎప్పటినుంచో తింటూనే ఉన్నాయి. న్యూయార్క్‌లో 1930లలో వీటిని తొలగించి చూసిన పరిశోధకులకు గూళ్లు కొంత ఎక్కువగా దక్కినా, శరత్కాలానికి పక్షుల సంఖ్య ఆ మేరకు పెరగలేదు. టర్కీకోడి గ్రౌస్ గుడ్లను, పిల్లలను తిని జాతిని తగ్గించిందన్న ప్రచారానికి ఆధారం లేదు. వేట విషయం మరికాస్త సూక్ష్మమైనది: తుపాకీకి బలైన పక్షుల్లో చాలావాటిని ఎలాగూ చలి, డేగ బలిగొనేవి కాబట్టి, ఒక కారణంగా సంభవించిన చావులు మరో కారణపు చావులను తగ్గిస్తాయి, దీనినే పరిహార మరణం అంటారు. అయితే సంఖ్య బాగా పడిపోయిన చోట ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మడం క్షేమం కాదు, అందుకే పెన్సిల్వేనియా 2017లో క్రిస్మస్ తర్వాతి వేటను నిలిపివేసింది.

అపోహ: సంఖ్య పెరగడం, తరగడం ఈ జాతికి సహజం, అదే తిరిగి కోలుకుంటుంది.

కెనడాలోను, పెద్ద సరస్సుల ప్రాంతంలోను సుమారు పదేళ్లకొకసారి ఎగసిపడే చక్రం ఉన్న మాట నిజమే. ఈశాన్య రాష్ట్రాల దక్షిణ భాగంలో అది స్పష్టంగా కనిపించదు, కనుక ఎదురుచూపుతో ఒరిగేదేమీ లేదు.

అపోహ: దోమల వల్ల వచ్చే వెస్ట్ నైల్ వైరస్ మనుషులకు, కాకులకు తప్ప ఇతర జీవులకు ప్రమాదం కాదు.

1937లో ఉగాండాలో తొలిసారి గుర్తించిన ఈ వైరస్ 1999లో న్యూయార్క్‌లో బయటపడింది. క్యూలెక్స్ దోమలు దీనిని మోస్తాయి. ఆ తర్వాతి ఏళ్లలో పెన్సిల్వేనియాలో, మంచి లేత అడవి ఉన్న చోట్ల కూడా గ్రౌస్ హఠాత్తుగా పడిపోవడంతో అక్కడి జీవశాస్త్రజ్ఞులకు అనుమానం కలిగింది. అడవి గూళ్ల నుంచి తెచ్చిన గుడ్లను పొదిగించి, పిల్లలకు వైరస్‌ను ఎక్కించి చూడగా పదింటిలో దాదాపు నాలుగు కొద్ది రోజుల్లోనే చనిపోయాయి, బతికినవాటిలో అనేకం గుండె తదితర అవయవాలు దెబ్బతినడంతో అడవిలో నిలదొక్కుకోలేని స్థితికి చేరాయి. అడవిలో శవాలు దొరకకపోవడం వల్ల వ్యాధి లేదనుకోవడం పొరపాటు, ఎందుకంటే నీరసించిన పక్షిని నక్క తినేశాక మిగిలేవి నాలుగు ఈకలే.

వైరస్‌ను అడవి నుంచి తరిమేయడం సాధ్యం కాదు గాని, అడవి రూపం మార్చడం సాధ్యమే. చాటు, తిండి పుష్కలంగా ఉన్న చోట వ్యాధి దెబ్బ తిన్న సంతతి త్వరగా కోలుకుంటుందని తేలడంతో, ఏ అడవిలో చెట్లు నరికి లేత పొదలను పెంచాలో నిర్ణయించేటప్పుడు పెన్సిల్వేనియా అధికారులు నేల ఎత్తును, దోమల ముప్పును కూడా లెక్కలోకి తీసుకొని, దోమలు తక్కువగా ఉండే ఎత్తైన చల్లని గట్లకు ముందు చోటిస్తున్నారు.